తిరిగి వచ్చినవాడు
(కోత పండుగ కృతజ్ఞతారాధనలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరపు కోత పండుగలో కృతజ్ఞతను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘ పెద్దలు నన్ను అడిగిరి. నేను దైవ పండితుడను కాను. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనిన వాడను. కనుక నాకు తెలిసినంత మట్టుకు, తెలిసిన విధముగా చెప్పెదను. తప్పులున్న క్షమించుడు.

ఉదయమునుండి ఈ బలిపీఠము ముందు మీరు తెచ్చి పెట్టిన కానుకలను చూచుచున్నాను. జొన్న కంకులు, సజ్జలు, కందులు, పల్లికాయ, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు, సీతాఫలముల గంపలు. ఆరాధన ముగిసిన వెంటనే వేలము వేయుదుము. ముప్పది రూపాయల గుమ్మడికాయను ఒకరిమీద ఒకరు పంతము పట్టి ఐదు వందలకు పాడుదుము. నవ్వుకొందుము. కలిసి భోజనము చేసి ఇండ్లకు పోవుదుము. ఇది ఎంతో మంచి ఆచారము. కాని రేపు సోమవారము. ఆదివారము ఈ గంపలలో నిండిన కృతజ్ఞత సోమవారమున ఎక్కడ నుండును? నా ప్రసంగమంతయు ఈ ఒక్క ప్రశ్నయే.

మాటలోనే ఉన్న బోధ

పంతులును గనుక మొదట మాటను విప్పి చూపెదను. కృతము అనగా చేయబడినది. దానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు. తనకు ఏమి చేయబడినదో, ఎవరు చేసిరో తెలిసిన మనిషి అన్నమాట. ఇందులో వందనము అను మాట లేదు, కానుక అను మాట లేదు. ఉన్నది ఎరుక మాత్రమే. ఇక కృతఘ్నుడు ఎవడు? ఘ్న అనగా చంపువాడు. తనకు చేయబడిన మేలును చంపినవాడు కృతఘ్నుడు. మేలును ఎరిగినవానికి, చంపినవానికి నడుమ మన పెద్దలు మూడవ పేరు పెట్టలేదు. “నేను ఎవరికిని కీడు చేయలేదు, ఊరక మరచితిని” అనువానికి వేరే కుర్చీ వేయలేదు.

మన పల్లెలలో ఈ సంగతినే సామెతలుగా చెప్పుదురు. తిన్న ఇంటి వాసములు లెక్కపెట్టువాడు అందురు. ఏరు దాటి తెప్ప తగలబెట్టువాడు అందురు. రెండింటిలోను ఒకటే గుణము గమనించుడు. పని తీరిన తరువాత వెనుకకు చూచు చూపు ఎట్టిది? అక్కడనే మనిషి బయటపడును.

దూరముగా నిలిచిన పదిమంది

లూకా సువార్త 17వ అధ్యాయములోని పదిమంది కుష్ఠరోగుల కథ మీ అందరికిని తెలిసినదే. వారు ఊరిలోనికి రాకూడదు. మనుష్యులకు దగ్గరగా నిలువకూడదు. కనుక దూరమునుండియే కేకవేసి ప్రభువును కరుణింపుమని వేడుకొనిరి. పోయి యాజకులకు కనబడుడని ఆయన చెప్పెను. వారు నడచి పోవుచుండగా దారిలోనే శుద్ధులైరి.

ఆ కథను మనము చదువునప్పుడు తొమ్మండుగురిని దుష్టులుగా చూచుట అలవాటు. నేను అట్లు చూడను. వారు ప్రభువు మాట వినిరి, పొమ్మన్న చోటికి పోయిరి. ఎన్నో ఏండ్లుగా భార్యాబిడ్డలను ముట్టుకొనని మనుష్యులు వారు. ఇంటి దిక్కు పరుగెత్తియుందురు. అందులో పాపమేమున్నది? వారు చెడ్డవారు కారు, తొందరలో ఉన్నవారు. అయినను తిరిగి వచ్చిన ఒక్కని చూచి, మిగిలినవారి సంగతి ఏమని ప్రభువు అడిగెను. ఆ అడుగుటలో కోపముకంటె నొప్పి యెక్కువ. పైగా ఆ తిరిగి వచ్చినవాడు సమరయుడు, యూదులు అంటరానివానిగా చూచిన జాతివాడు.

ఇప్పుడు మన కథకు రండు. ఈ నల్గొండ, పాలమూరు జిల్లాలలో మొదట సువార్త విన్న మన పితరులలో ఎక్కువమంది ఊరి వెలుపలి వాడలవారు. దూరముగా నిలుచుట వారికి ఎవరును బైబిలునుండి నేర్పనక్కరలేదు. బావికి దూరము, గుడికి దూరము, బడికి దూరము. దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచినవారు. వారు దూరమునుండి వేసిన కేక వినబడినది గనుకనే మనము నేడు ఈ బల్లలమీద కూర్చున్నాము. మన బిడ్డలు డాక్టర్లు, ఇంజనీర్లు, తహసీల్దార్లు అయిరి. కనుక ఆ పదిమంది కథ పరాయి కథ కాదు, మన యింటి కథ. మనము తిరిగి వచ్చిన ఒక్కనివలె ఉన్నామా, ఇంటి దారి పట్టిన తొమ్మండుగురివలె ఉన్నామా?

పాల ఏటి ఒడ్డున ఉన్నవారు

మనకు మేలు చేసినవారిని మనము ఎంతమాత్రము ఎరుగుదుము? ఒక సంగతి చెప్పెదను. పాలమూరులో అమెరికా బాప్టిస్టు మిషనువారి కేంద్రము 1885లో ఎల్బర్ట్ ఛూట్ దొరగారి కాలమున మొదలైనది. నల్గొండ కేంద్రము 1890లో మొదలైనది. నల్గొండకు వచ్చిన అబ్రహాము ఫ్రీజెన్ గారు బాప్టిస్టు మిషనులో పనిచేసినను ఆయన అమెరికావారు కారు. రష్యా సామ్రాజ్యములో, ఇప్పటి యుక్రెయిను దేశపు దక్షిణ భాగములో కాపురమున్న మెన్నోనైట్ బ్రదరెన్ అను రైతు సంఘమువారు. జర్మనీలోని హాంబర్గు పట్టణమున వేదవిద్య అభ్యసించి, భార్యతో కూడ ఇక్కడికి వచ్చిరి.

వారి పల్లెలు మొలోచ్నా అను ఏటి ఒడ్డున ఉండెను. ఆ పేరునకు వారి దేశ భాషలో పాల ఏరు అని అర్థము. మన పాలమూరు పేరు కూడ పాలనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ పాల ఏటి రైతులు గోధుమలు పండించి, అమ్మి, అందులో దేవుని భాగమును తీసి, తాము ఎన్నడును చూడని నల్గొండకు పంపిరి. మన జొన్న చేలు వారు చూడలేదు, మన భాష వారికి తెలియదు, మన పేర్లు వారి నోట పలుకవు. అయినను పంపిరి.

తరువాత ఏమైనది? 1914లో ప్రపంచ యుద్ధము వచ్చెను. 1917లో విప్లవము, ఆ వెనుక అంతర్యుద్ధము, దోపిడీలు, హత్యలు. 1921, 1922 సంవత్సరములలో ఘోరమైన కరవు. మనకు పంపిన చేతులే పిడికెడు పిండి కొరకు చాచవలసి వచ్చినది. అమెరికాలోని మెన్నోనైట్లు 1922లో అక్కడ వంటశాలలు తెరచి వారిని పోషించిరి. 1923 తరువాత కొన్ని ఏండ్లలో సుమారు ఇరువది వేలమంది మెన్నోనైట్లు ఆ దేశమును విడిచి కెనడాకు వలసపోయిరి. మిగిలినవారు రెండవ ప్రపంచ యుద్ధ కాలమున చెదరిపోయిరి. నల్గొండకు పంపిన ఆ సంఘములు ఆ ఒడ్డున మిగులలేదు. 2022లో ఆ నేలమీద మరల యుద్ధము వచ్చి పడినది.

ఈ సంగతిని నేను మొదట తెలిసికొన్న నాడు చాలసేపు ఊరకయుంటిని. అప్పు ఇచ్చినవారి ఇల్లే లేనప్పుడు అప్పు ఎట్లు తీర్చవలెను? ఎవరి ఇంటికి తిరిగి పోవలెను? యుక్రెయిను యుద్ధమును మనము టీవీలో చూచి, అది ఎవరిదో గొడవ అనుకొని చానలు మార్చితిమి. ఆ నేల గోధుమలు నల్గొండలో దేవుని పనికి రాయియు సున్నమును అయినవని మన యింటిలో ఎవరైన పిల్లలకు చెప్పిరా? వారి కొరకు ఒక్క ఆదివారమైన పేరు పెట్టి ప్రార్థన చేసితిమా?

మరియొక పేరు చెప్పెదను. డాక్టరు కేథరీనా షెలెన్‌బెర్గ్ గారు. 1907లో ఈ దేశమునకు వచ్చి, 1945లో శంషాబాదులో కన్నుమూసిరి. పురుష వైద్యుని ముందుకు రాలేక గోషాలోనే ప్రాణములు విడుచు స్త్రీలున్న కాలములో ఆ తల్లి మన ఆడబిడ్డల మంచముల ప్రక్కన నిలిచెను. ఆమె చేతిలో పుట్టినవారి మనుమలు, మునిమనుమలు నేడు మన నడుమ ఉండవచ్చును. వారికి ఆ పేరు తెలియునా?

పేరు లేనివారు

దొరగార్ల, దొరసానుల పేర్లు పుస్తకములలోనికి ఎక్కినవి. కాని ఆ రాళ్లు మోసినది ఎవరు? చేతిలో లాంతరు, చంకలో పాటల పుస్తకము పట్టుకొని రాత్రివేళ గుట్టలు దాటిన ప్రసంగీకులు ఎవరు? ఇల్లిల్లు తిరిగి, తిట్లు తిని, మరునాడు మరల పోయిన బైబిలు స్త్రీలు ఎవరు? వారి పేర్లు మనకు దక్కలేదు.

ఈ నేలవారికి ఇది కొత్త కాదు. నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదలిరి. అంత పెద్ద రాతి కట్టడమును యంత్రములకంటె ఎక్కువగా మనుష్యుల చేతులు కట్టినవి. అందులో పాలమూరు కూలీల చేతులు ఎన్నో. ఆ నీళ్లతో పండిన అన్నము తిన్నవారికి వారి పేర్లు తెలియవు. మన పనికి ఎవరును కృతజ్ఞత చెప్పలేదని మనకు బాధ యున్నది. న్యాయమైన బాధయే. ఆ బాధ తెలిసిన మనము, మన కొరకు రాళ్లు మోసినవారిని ఎట్లు మరువగలము?

మేలు చేసినవారందరు మన మతమువారే అనుకొనరాదు. నిజామాబాదు ప్రాంతమున డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రి స్థిరపడినది. దాని వెనుక డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారి సేవ ఉన్నది. ఆమెకు ముందుగా ధనమిచ్చి నిలిచిన దాత రాజా నర్సాగౌడ్ గారు హైందవులు. సమరయుని మెచ్చుకొనిన ప్రభువు ఇట్టివారిని లెక్కలో వేయకుండునా? అప్పుడు ఊరి వెలుపలికి నెట్టబడిన ఆ రోగము ఈనాడు మందులతో పూర్తిగా నయమగుచున్నది, ఆ మందులు ఉచితముగా దొరకుచున్నవి. నయమగుట సులభమైనది. తిరిగి వచ్చుటయే ఇంకను కష్టముగా నున్నది.

రెండు విధములైన వంగుట

ఇక్కడ మన యౌవనస్థులు నన్ను ఒక ప్రశ్న అడుగుదురు. అడిగిరి కూడ. “తాతా, కృతజ్ఞత కృతజ్ఞత అని తరతరములుగా మమ్ములను వంచి ఉంచిరి గదా? దొర ఉప్పు తింటివి, నోరెత్తకుమని చెప్పిరి గదా? మరల మీరు కూడ అదే పాట పాడెదరా?”

ఈ ప్రశ్నను కొట్టివేయరాదు. ఇది రక్తముతో వచ్చిన ప్రశ్న. మన తాతలు వెట్టి చేసిరి. పిడికెడు గింజల అప్పునకు కొడుకును జీతము పెట్టిరి, ఆ కొడుకు ముసలివాడై, తన కొడుకును అదే దొడ్డిలో జీతమునకు వదలెను. వెట్టి చాకిరీని నిర్మూలించు చట్టము 1976లో మాత్రమే వచ్చినది. ఆ దినములలో “చేసిన మేలు మరువకు” అను మాటకు అర్థము “లేవకు” అనియే. మేలు అను పేరుతో మెడకు కట్టిన తాడు అది. దానిని తెంచుకొనుట కృతఘ్నత కాదు.

అయితే ప్రభువు పాదములయొద్ద ఏమి జరిగినదో చూడుడు. ఆ సమరయుడు తిరిగి వచ్చి ఆయన పాదముల యెదుట సాగిలపడెను. ప్రభువు వానిని అక్కడనే ఉంచుకొనెనా? తన వెంబడి నౌకరుగా తిప్పుకొనెనా? లేదు. లేచి తన దారిని పొమ్మనెను. ఆ కథలో నాకు మిక్కిలి ప్రియమైన చోటు ఇదియే. దొర ఇచ్చిన మేలు మనిషిని పాదములయొద్ద కట్టివేయును, ప్రభువు ఇచ్చిన మేలు మనిషిని లేపి నిలబెట్టును. ఎవరికి కృతజ్ఞత చెప్పిన తరువాత నీ వెన్నెముక నిటారుగా నిలుచునో, అది నిజమైన కృతజ్ఞత. ఎవరికి చెప్పిన తరువాత నీ తల ఇంకను క్రిందికి పోవునో, అది అప్పు. బిడ్డలారా, ఈ రెండింటిని కలిపి, తాడుతో కూడ తల్లిని తెంచుకొనకుడు.

నా తప్పు

ఇంతవరకు లోకపు సంగతి చెప్పితిని. ఇప్పుడు నా సంగతి చెప్పనిచో ఈ ప్రసంగము అబద్ధమగును.

చిన్నతనమున నేను ఒక హాస్టలులో ఉండి చదువుకొంటిని. అక్కడ వంట చేయు అవ్వ ఒకతె ఉండెను. మా వాడకు చెందినదే, నాకు చుట్టము కాదు. నాకు చలిజ్వరము వచ్చిన ఏట, అందరికి రొట్టెలు పంచిన తరువాత తన వంతులోనుండి సగము విరిచి, గిన్నె క్రింద దాచి, చీకటి పడిన వెనుక తెచ్చి పెట్టెడిది. ఆ సగము రొట్టె బలముననే నేను పరీక్ష వ్రాసితిని. ఇది అతిశయోక్తి కాదు.

1979లో నాకు పంతులు ఉద్యోగము వచ్చినది. ఆ సీతాఫలముల కాలములో ఒకనాడు మధ్యాహ్నము నేను బడి వరండాలో తోటి ఉపాధ్యాయులతోను, తనిఖీకి వచ్చిన అధికారితోను కూర్చుండి టీ త్రాగుచుంటిని. అవ్వ గంప నెత్తిన పెట్టుకొని గేటు దాటి వచ్చెను. రెండు బస్సులు మారి వచ్చినది. నన్ను చూచి, “బాగున్నవా బిడ్డా? బక్కగైనవు” అనెను. అందరు నా దిక్కు చూచిరి. ఈమె ఎవరని ఒకరు అడిగిరి.

నేను ఏమంటినో వినుడు. “మా ఊరి మనిషి. కాయలమ్ముకొనును” అంటిని. అంతటితో ఊరకుండక, ఆ అబద్ధము నిజమని చూపుటకు జేబులోనుండి ఐదు రూపాయల నోటు తీసి ఆమె చేతిలో పెట్టితిని.

ఆమె ఆ నోటును కొంతసేపు చూచెను. బల్లమీద పెట్టెను. గంపలోని కాయలు ఒక్కొక్కటి తీసి మూలన పేర్చి, “ఇంకా కచ్చిగున్నయి బిడ్డా, పండినంక తిను” అని చెప్పి వెళ్లిపోయెను. కూర్చుండుమని నేను అనలేదు. నీళ్లు త్రాగెదవా అని అడుగలేదు.

మూడవ దినమున కాయలు పండినవి. గది నిండ వాసన. నేను ఒక్కటియు తినలేకపోతిని. వచ్చే సెలవులకు పోయి కాళ్లు పట్టుకొందును అనుకొంటిని. ఒక సెలవు పోయెను, రెండు సెలవులు పోయెను. చివరకు పోయిన నాటికి ఆమెను మట్టి చేసి పది దినములైనది.

ప్రియులారా, నేను ఆమె చేసిన మేలును మరచితినా? లేదు. ఆ మధ్యాహ్నము నాకు సగము రొట్టె స్పష్టముగా జ్ఞాపకమున్నది. జ్ఞాపకముండియే చంపితిని. పేతురు కోడి కూయకముందు ఎరుగననెను. నేను నడిమధ్యాహ్నము, టీ గ్లాసు చేత పట్టుకొని ఎరుగనంటిని. కాబట్టి కృతఘ్నత అనగా మతిమరపు మాత్రమే అని ఎవరైన చెప్పిన నమ్మకుడు. చాలసార్లు దాని అసలు పేరు సిగ్గు. మనలను లేపినవారిని చూచి సిగ్గుపడుట.

కృతఘ్నత వచ్చు దారులు

సిగ్గు ఒక దారి. ఇంకను మూడు దారులు చెప్పి విడిచెదను.

మొదటిది అలవాటు. నల్గొండలో ఫ్లోరైడు నీళ్లు త్రాగి ఎముకలు వంగిపోయిన తరములను మీరు ఎరుగుదురు. నాగపూరులోని నీరీ పరిశోధన సంస్థ పటిక, సున్నము, బ్లీచింగు పొడితో ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని కనిపెట్టి, దానికి నల్గొండ పేరే పెట్టినది. ఒక జిల్లా పేరు దాని బాధను బట్టి శాస్త్ర గ్రంథములకు ఎక్కినది. 2015లో చౌటుప్పలులో మిషన్ భగీరథ పైలాను వెలసినది, తరువాత కృష్ణా నీళ్లు నల్లాలలోనికి వచ్చినవి. మొదటి దినము ఆ నీళ్లను దోసిట పట్టి కండ్లకు అద్దుకొన్న ముసలివారిని నేను చూచితిని. ఇప్పుడు నల్లా విప్పి వదలి ఫోను చూచుకొనుచున్నాము. మేలు మారలేదు, చూపు మారినది.

రెండవది పోల్చుకొనుట. మన ఇంటిలోని దీవెనను ప్రక్క ఇంటి మేడతో కొలుచుట. ఆ కొలబద్ద పట్టినవానికి మన్నా కూడ చప్పగానే ఉండును. అరణ్యములో ఇశ్రాయేలీయులు ఐగుప్తు కూరలను తలంచుకొని ఏడ్చిరి గదా.

మూడవది మిక్కిలి ప్రమాదమైనది. ఇచ్చినవారిని మరచి, ఇచ్చిన దానికొరకు కొట్లాడుట. మిషను కాంపౌండ్లు, స్థలములు, పదవులు. ప్రార్థన చేయుటకు ఇచ్చిన నేలమీద సహోదరుడు సహోదరునిపై కోర్టుకు ఎక్కుచున్నాడు. ఎక్కడ, ఎవరు అని నేను చెప్పను. ఎవరి మనస్సు వారికి చెప్పును. వారసత్వము కొరకు పోరాడునంత జ్ఞాపకము, వారసత్వము ఇచ్చినవారిని గూర్చి లేదు. ఈ శతాబ్ది సంవత్సరమున సున్నములు వేసి, రంగుల దీపములు కట్టి, ఆ వ్యాజ్యములను అట్లే ఉంచుకొంటిమా, మన పండుగ ఎవరికి?

కృతజ్ఞతను సాగు చేయుట

మనము చెలక భూముల రైతులము. ఎర్ర నేలలో ఏ పంటయు దానంతట అది రాదు. రాళ్లు ఏరవలెను, గట్టు వేయవలెను, వాన కొరకు సిద్ధపరచి ఉంచవలెను. కృతజ్ఞత కూడ చెలక పంటయే. కలుపు మాత్రమే తనంతట తాను మొలచును. కనుక మూడు పనులు సూచించుచున్నాను.

ఒకటి. రాత్రి కుటుంబ ప్రార్థనలో “సమస్త మేలుల కొరకు” అని ఒక్క మాటతో ముగింపకుడు. ఆ దినమున మేలు చేసిన మనుష్యులలో ముగ్గురిని పేరుపెట్టి చెప్పుడు. బస్సులో చోటు ఇచ్చినవాడైనను సరే, వీధి ఊడ్చిన తల్లియైనను సరే. పిల్లలచేత చెప్పించుడు. వారు త్వరగా నేర్చుకొందురు.

రెండు. బ్రతికియుండగనే పోయి చెప్పుడు. నా వలె సెలవులు లెక్కపెట్టకుడు. మీకు అక్షరములు దిద్దించిన పంతులమ్మ, మీ ఫీజు కట్టిన అన్న, మిమ్ములను ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తిన పొరుగింటి ముస్లిము సోదరుడు ఎక్కడనో ఉన్నారు. మంచి చొక్కా తొడుగుకొని, నలుగురు చూచుచుండగా పోయి, వారి ప్రక్కన కూర్చుండుడు. నలుగురు చూచుచుండగా అను మాటను నేను కావలెననియే చెప్పుచున్నాను.

మూడు. తిరిగి ఇచ్చుటకు దాత లేనప్పుడు, దాత నిలిచిన చోట మీరు నిలువుడు. పాల ఏటి రైతులకు మనము బాకీ తీర్చలేము. కాని వారు చూడని ఊరికి పంపినట్లు మనమును పంపగలము. పుణె, ముంబయి పట్టణములకు కూలికి పోయిన పాలమూరు తల్లిదండ్రుల పిల్లలు ముసలివారియొద్ద ఉండి చదువుకొనుచున్నారు. నేటి వేలములో వచ్చు ధనములో ఒక భాగము అట్టి పిల్లల ఫీజులకు తీసి ఉంచవలెనని పెద్దలను వేడుకొనుచున్నాను. యుద్ధము, కరవు ఉన్న దేశముల కొరకు ఒక చిన్న భాగమైనను పంపుదము. అది సొమ్ము కాదు, జ్ఞాపకము.

ముగింపు

మహబూబ్‌నగరు దగ్గర పిల్లలమర్రి మీరందరు చూచినదే. ఎన్నో వందల ఏండ్ల చెట్టు. ఎన్ని తరములు దాని నీడలో సద్ది మూటలు విప్పినవో! మనము నీడ అనుభవించితిమి, కొమ్మలు పట్టి ఊగితిమి, పోయితిమి. చెదలు పట్టి, 2017 చివర ఒక కొమ్మ విరిగిపడినప్పుడు గాని దాని జబ్బు లోకమునకు తెలియలేదు. 2018లో ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్లు ఆ చెట్టునకు సీసాలు కట్టి, సూదులతో చుక్క చుక్కగా మందు ఎక్కించిరి. ఆ దృశ్యము చూచి నవ్విన వారున్నారు. నాకు మాత్రము అది ఒక ప్రసంగముగా కనబడినది. నీడ ఇచ్చిన దానియొద్దకు మనుష్యులు తిరిగి వచ్చిరి. ఆలస్యముగానైనను వచ్చిరి.

ఆ చెట్టులో ఇంకొక పాఠము ఉన్నది. మర్రికొమ్మ ఎంత దూరము ప్రాకినను విరుగకుండుటకు కారణమేమి? కొమ్మనుండి పుట్టిన ఊడ నేలకు దిగి, వేరూని, తిరిగి ఆ కొమ్మనే మోయును. దానినుండి పుట్టినదే దానికి స్తంభమగును. అందుకే కాబోలు దానికి పిల్లల మర్రి అను పేరు తగియున్నది. మన సంఘము ఒక మర్రి. మనము దాని ఊడలము. గాలిలో వ్రేలాడుచు ఊగుట చాలునా, నేలకు దిగి మోయవలెనా?

ఆరాధన ముగిసిన తరువాత వేలమునకు తొందరపడుదుము. దానికి ముందు ఒక్క నిమిషము కండ్లు మూసికొని, మిమ్ములను ఇంతవరకు తెచ్చినవారిలో మీరు సిగ్గుపడి దాచిన ఒక్క పేరును తలంచుకొనుడు. నాకు నా అవ్వ యున్నది. ఆమె గంపలోని కాయలు ఇంకను నా మనస్సులో పండుచునే ఉన్నవి.

దూరముగా నిలిచిన మనలను చేర పిలిచిన దేవుడు, మనలను తిరిగి వచ్చువారినిగా చేయును గాక. పాదములయొద్ద సాగిలపడిన మనలను లేపి, నిటారుగా నిలిపి, మన దారిని పంపును గాక. ఆయనకే స్తుతి, ఘనత, మహిమ కలుగును గాక. ఆమేన్.